కదలొద్దన్న మాట

బస్సు సాల్మియా వదిలి పావుగంటయింది. సుబ్బరత్నమ్మ కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటులో తన బట్టలమూట పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఉంచింది. పిల్లల్ని ఒళ్ళో కుక్కుకుని కూర్చున్న వాళ్ళెవరైనా ఆ సీటు వంక చూస్తే చాలు, ఆమె వేళ్ళు మూటముడి మీద బిగుసుకుంటున్నాయి. అది శివపార్వతి సీటు. శివపార్వతి ఆమె అక్క కూతురు, పందొమ్మిదేళ్ళది, జహ్రాలో ఒక ఇంట్లో పనిమనిషి. ఇరాకీలు కువైట్‌లోకి వచ్చి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఆ ఇంటివాళ్ళు మొదటి వారంలోనే కార్లెక్కి సౌదీకి వెళ్ళిపోయారు. పిల్ల ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక్కతే ఉంది. బయటికి రానంటోంది. ఈ బస్సు జహ్రా మీదుగానే బస్రాకి పోతుంది. మీదుగా పోతుందే కాని అక్కడ ఆగదు. దాన్ని ఆపించడానికి సుబ్బరత్నమ్మకి ముప్పావుగంట ఉంది. ఎలా ఆపించాలో మాత్రం ఆమెకి తెలియదు.

వెంకటరాజు సీట్లు పట్టుకుంటూ నడిచి వచ్చాడు. అమలాపురం దగ్గరివాడు, సబ్హాన్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపరు. ఈ బస్సు మాట్లాడిందీ, పేర్లు రాసిందీ, ఆ కాగితం మీద ఇరాకీల సీలు వేయించిందీ అతనే. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"చూడండి సుబ్బరత్నమ్మగారూ, ముందే చెప్పేత్తన్నాను. జహ్రాలో ఆపమని డ్రైవర్ని నేను అడగలేనండి. రెండు గంటల్లోపు బోర్డర్ దాటాపోతే వెనక్కి తిప్పేత్తారంట. నలభై ఏడు మంది ప్రాణాలండి, ఆయ్."

"నలభై ఎనిమిదన్నా. కాయితంలో నువ్వే రాసినావు."

"అదేనండి నా తలనొప్పీ! ఆ పిల్ల వచ్చేత్తాదని మీరన్నారని రాసేను. ఇప్పుడు కొట్టేద్దామంటే సీలు పడిపోయింది. కొట్టివేతుంటే కాయితం చెల్లదంట. దారిలో ఎవడన్నా లెక్కెడితే నేనేం చెప్పాలండి?"

వెనక సీటులోంచి ఆసియా బీ తల ముందుకు పెట్టింది. రాయచోటి మనిషి, పదమూడేళ్ళుగా కువైట్‌లో వంటమనిషి. "పెండ్లిపత్రికలో చుట్టాల పేర్లు రాసినట్ల తోసుకుంటా రాసినావు గదయ్యా రాజూ, ఇప్పుడు ఆయమ్మ మీద పడి ఏడ్చేదెందుకు? పో, పోయి ముందర కూచో. నీ చెమట కంపుకే సైనికులు దిగిపోతారులే."

వెంకటరాజు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సుబ్బరత్నమ్మ కిటికీలోంచి చూసింది. రోడ్డు పక్కన తలుపు లేని ఫ్రిజ్ ఒకటి పడి ఉంది, దాని పక్కన కాలిపోయిన కారు, ఆ కారు సీటు మీద ఎవరిదో ఒక చెప్పు. ఈ రోడ్డు మీద మామా కారులో, యజమానురాలిని ఇక్కడ అలాగే పిలవాలి, ఎన్నిసార్లు పోలేదు తను, అప్పుడు ఇవేవీ లేవు, అప్పుడు ఆమె పసిబిడ్డ తన ఒళ్ళో నిద్రపోయేవాడు, ఏసీ గాలికి మోకాళ్ళు లాగేవి. ఇప్పుడు బస్సులో గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు వస్తోంది. ఇంత ఎండలో ఆ పిల్ల కిటికీలన్నీ మూసుకుని, తెరలు దించుకుని, కరెంటు లేక, ఏం తాగుతూ ఉందో. పైన ట్యాంకులో నీళ్ళు అడుగంటాయని చెప్పింది కదా. అది ఎప్పుడు చెప్పింది? మూడోసారి ఫోన్ చేసినప్పుడు. మొదటిసారి చేసింది రెండో రోజు పొద్దున, ఆ రోజు తను ఏమంది? ఆ మాటే ఇన్ని రోజులుగా చెవిలో తిరుగుతోంది. "భయపడాకు పాపా, రెండు నాళ్ళల్లో అంతా సద్దుమణిగిపోతాది, నువ్వు మాత్రం గడప దాటాకు, మీ మామా చెప్పిందాకా ఆడనే ఉండు, కదలాకు." ఎంత ధైర్యంగా అంది! పక్కనే ఫిరంగులు మోగుతుంటే, గొంతు మాత్రం పెద్దమనిషిలా పెట్టుకుని అంది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టిన పనిమనిషి పారిపోయినట్టే లెక్క, ఇఖామా, అంటే దేశంలో ఉండనిచ్చే కాగితం, వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర ఉంటుంది, చేతిలో కాగితం ముక్క లేకుండా వీధిలో దొరికితే పోలీసు, జైలు, ఊరికి తిరుగుటపా. పదేళ్ళుగా నేర్చుకున్నది అదొక్కటే, ఆ నేర్చుకున్నదే పిల్లకి నేర్పింది. పోలీసులే లేని ఊళ్ళో, కఫీల్‌లే పారిపోయిన ఊళ్ళో, పోలీసుకి భయపడమని చెప్పింది.

రెండోసారి ఫోన్‌లో పిల్ల గొంతు గర్వంగా ఉంది. "మామా వాళ్ళు పోయినారు చిన్నమ్మా. తాళాలన్నీ నా చేతికే ఇచ్చినారు. మేమొచ్చిందాకా ఇల్లు నీదే, కదలాకు అన్నారు." మూడోసారి గర్వం లేదు. పక్కింట్లోకి సైనికులు వచ్చి టీవీ, తివాచీ మోసుకుపోయారట, తను మంచం కింద పడుకుందట, నీళ్ళు అరమగ్గుతో సరిపెట్టుకుంటోందట. ఆ మర్నాడు సుబ్బరత్నమ్మే తన గడప దాటేసింది. సముద్రం ఒడ్డున తన మామా వాళ్ళ బిల్డింగు పైకి సైనికులు తుపాకులు ఎక్కిస్తుంటే చేతికందిన బట్టలమూటతో మెట్లు దిగి పరిగెత్తింది, మన ఇండియా సంఘం వాళ్ళు జనాన్ని చేరదీసిన బడిలో వచ్చి పడింది. మామా వాళ్ళు ఎండాకాలం గడపడానికి ఎప్పుడో దేశం దాటి పోయి ఉన్నారు, ఆమెను ఇల్లు చూసుకోమని వదిలి. ఇల్లు చూసుకుందా? లేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పరిగెత్తింది. నాలుగోసారి, అంగడి ఫోన్‌లోంచి, అదే చెప్పబోయింది. "పారోతీ, నువ్వు..." అంది. అంతే. లైను పోయింది. మళ్ళీ ఎన్నిసార్లు తిప్పినా రాలేదు. కదలొద్దన్న మాట చేరింది, కదలమన్న మాట చేరలేదు.

చేర్చడానికి గంగాధరను పంపింది. సబ్హాన్ షెడ్డులో మెకానిక్కు, ఊరివాడు, మూడు రోజుల కిందట పికప్ వేసుకుని ప్రాణానికి తెగించి జహ్రా పోయి వచ్చాడు. వచ్చి బడి మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగి, "తలుపు తియ్యలేదమ్మా," అన్నాడు. "లోపల్నించే మాట్లాడింది. మీ చిన్నమ్మ రమ్మనింది పాపా, బస్సు ఉండాదంట అని ఎంత చెప్పినా, మా చిన్నమ్మ అట్ల చెప్పదు అనింది. ఆయమ్మ నోటితో ఆయమ్మ చెప్పాల అనింది. నువ్వు తయారు చేసిన పిల్ల గదమ్మా, గట్టిదే!" అని నవ్వాడు కూడా. ఆ మర్నాడే చెక్‌పోస్టులో పికప్ లాగేసుకున్నారు. లేకపోతే రెండోసారి తనే అతని పక్కన కూర్చుని పోయేది. మా చిన్నమ్మ అట్ల చెప్పదు. ఆ పిల్లకి అంత నమ్మకం ఎక్కడిది? ఎక్కడిదో సుబ్బరత్నమ్మకి తెలుసు. ఆ బల్ల మీదనుంచి వచ్చింది. పైఊరి బల్ల.

నాలుగేళ్ళ కిందటి మాట. మామా వాళ్ళు ఆ ఎండాకాలం లోకం కొసన ఉన్న ఒక ఊరికి పోతూ, పసిబిడ్డను ఎత్తుకోవడానికి ఆమెనూ తీసుకుపోయారు. రెండు విమానాలు, ఒక ఓడ. ఊరి పేరు ఎన్నిసార్లు విన్నా నోరు తిరగలేదు, పటంలో పైన ఎక్కడో ఉంటుందని ఇంటాయన బాబా చూపిస్తే తనే పైఊరు అని పేరు పెట్టుకుంది. అక్కడ పొద్దు గూకదు. పన్నెండు గంటల రాత్రి కూడా సూర్యుడు సముద్రం మీద కూర్చుని చూస్తూనే ఉంటాడు. మామా నిద్ర పట్టక కిటికీలకు దుప్పట్లు కట్టించింది. ఒక రోజు ఊరంతా చూడాలని అందరూ బయల్దేరారు. కొయ్యతో కట్టిన ఎర్ర ఇళ్ళు, ముక్కోణంలా లేచిన తెల్లటి చర్చి, దండేల మీద తలలు కోసి వేలాడదీసిన చేపలు, ఎండాకాలంలో కూడా కొండ నెత్తిన మంచు. ఆ కొండ మీదికి తీగ మీద నడిచే పెట్టె ఉంది. బాబా, మామా, పిల్లలు ఎక్కారు, పసిబిడ్డను మామా తనే ఎత్తుకుంది. రేవు ఒడ్డున ఒక బల్ల చూపించి, ఐదు సంచులు, మడిచిన పిల్లల బండి దాని పక్కన పెట్టించి, "ఇక్కడే కూర్చో రత్నా, మేం వచ్చేదాకా కదలొద్దు," అంది. సుబ్బరత్నమ్మ కూర్చుంది. ఊరు చూసే రోజు ఆమె చూసింది ఆ బల్ల. పిల్లకి ఎన్నిసార్లు చెప్పింది ఈ కథ! పిల్ల కువైట్‌లో దిగిన రోజు విమానాశ్రయంలోనే చెప్పింది, ఆపైన శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో చెప్పింది. "ఏడు గంటలు పాపా. మంచినీళ్ళు తాగలా. పక్కకి తిరిగి చూడలా. సూర్యుడు ఉండేచోటే ఉండాడు, నేనూ ఉండేచోటే ఉండా." మామా కూడా వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది, రత్నను ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఇలాంటి మనిషి దొరకదు అని. అలా విన్న మామా దూరపు చుట్టమే జహ్రా ఆవిడ. రత్న తాలూకు పిల్ల ఉంటే మాకూ తెప్పించు అంది. పిల్లకి ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆ బల్లే. ఇప్పుడు తలుపు వెనక దాన్ని కూర్చోబెట్టిందీ ఆ బల్లే.

బస్సు ఆగింది. జహ్రా కాదు, ఏదో చెక్‌పోస్టు. ఇద్దరు సైనికులు ఎక్కి సీలు వైపు చూసి, సీట్ల కింద తుపాకీ కొసతో పొడిచి, ఒకడు ఆసియా బీ ఒళ్ళోంచి బిస్కెట్ పొట్లం లాక్కున్నాక దిగిపోయారు. ఎవరినీ లెక్కపెట్టలేదు.

"వాని ఎముకలు ఇరగ," అంది ఆసియా బీ, బస్సు కదిలాక. "మూడు వారాలు దాచిపెట్టుకున్న బిస్కెట్లు. రత్నమ్మా, నీళ్ళన్నా తాగుమ్మే. పొద్దున్నించీ చూచ్చాండా, ఆ మూటను పట్టుకుని బొమ్మ మాదిరి కూచున్నావు. రొంత కదులు."

కదులు. సుబ్బరత్నమ్మ ఆమె ఇచ్చిన సీసా తీసుకుని రెండు గుక్కలు తాగింది. నీళ్ళు వేడిగా ఉన్నాయి. ఆ రోజు ఆ బల్ల మీద చలి. ఎండలో చలి. మొదట కడుపు బిగబట్టుకుంది, బాత్రూముకి పోవాలి, ఎవరినడగాలి, ఏ భాషలో అడగాలి. అరగంట ఓర్చుకుంది. ఆపైన లేచింది. అవును, లేచింది. ఈ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు. సంచులు బల్ల కిందకి తోసి, పైటకొంగు నడుముకి చుట్టుకుని, ఒక హోటల్లాంటి చోటికి పోయి చేతులతో సైగ చేసి పని ముగించుకుంది. తిరిగి బల్ల దగ్గరికి రావాలి. కాళ్ళు అటు తిరగలేదు. ఆ వీధి చివర ఏముందో చూసి వద్దామనుకుంది. వీధి చివర ఇంకో వీధి ఉంది. కిటికీలకి తెరలు లేవు, లోపల కుండీల్లో పూలు, పిల్లులు, ఊలు స్వెట్టర్లు అమ్మే అంగడి, గాజు వెనక ఎర్రటి స్వెట్టరు మీద జింక బొమ్మ. వల బాగుచేస్తున్న ముసలాయన ఏదో అని నవ్వాడు. "బాగుండావా తాతా?" అంది తను తెలుగులోనే. ఆయన తల ఊపాడు, అర్థమైనట్టే. అక్కడనుంచి వంతెన కనిపించింది, పొడుగ్గా, విల్లులా వంగి, కింద పచ్చటి నీళ్ళు. ఆ వంతెన ఎక్కింది. మధ్యలో నిలబడింది. గాలికి చీర ఎగిరి మొహం మీద కొట్టింది. తను ఎక్కడుందో ఆ క్షణాన మామాకి తెలియదు, మొగుడికి తెలియదు, అక్కకి తెలియదు, దేవుడికైనా ఆ పొద్దు గూకని చోట లెక్క తప్పి ఉంటుంది. ఏళ్ళ తరబడి రత్నా, యా రత్నా, రత్నా తాలీ, ఇలా రా అని పిలిపించుకున్న మనిషి, ఆ వంతెన మీద తన పేరు తనే గట్టిగా పలికింది. సుబ్బరత్నమ్మ. నవ్వొచ్చింది. పిచ్చిదానిలా నవ్వింది. ఎంతసేపుందో తెలియదు, గడియారం లేదు, సూర్యుడూ చెప్పడు. తిరిగి వచ్చేసరికి సంచులు సంచుల్లాగే ఉన్నాయి, ఏదో తెల్ల పక్షి రొట్టె సంచి మాత్రం చింపి పోసింది. మామా దిగి వచ్చి, "నిద్రపోయావా?" అంది. "అవును మామా," అంది తను. అంతే. నిద్రపోయిందన్న చిన్న అబద్ధం కాస్తా మామా నోట్లో ఏడు గంటలు కదలని నమ్మకంగా మారింది, ఆ నమ్మకం తన నోట్లో పిల్లకి పాఠంగా మారింది. వంతెన సంగతి పిల్లకి ఎందుకు చెప్పలేదు? చెప్తే పిల్ల వంతెనలు ఎక్కుతుందని. బల్ల మీద కూర్చుంటే బతుకుతుందని. తను ఇన్నేళ్ళూ ఈ ఎడారిలో బతికింది ఆ ఒక్క గంట తలుచుకునే కదా, పిల్లకి ఆ గంటను ఇవ్వకుండా మిగిలిన ఆరూ ఇచ్చింది.

ఎడమవైపు జహ్రా ఇళ్ళు కనిపించాయి. మట్టిరంగు గోడలు, పైన నీళ్ళ ట్యాంకులు. ఏ ట్యాంకు కింద ఉందో ఆ పిల్ల. సుబ్బరత్నమ్మ లేచి నిలబడింది. అన్నా ఆపన్నా అంది, ఇంజను హోరులో అది ఎవరికీ వినపడలేదు. బస్సు వేగం తగ్గలేదు. వీధి ఒకటి పోయింది, రెండోది పోయింది. తలుపు దగ్గరికి పోయి దూకేద్దామా? ఒక కాలు విరిగినా రెండో కాలు ఉంటుంది. నడవాలోకి వచ్చింది, ఎవరి కాలో తొక్కింది, ఎవరో తిట్టారు. అప్పుడు బస్సు కీచుమని ఆగింది. రోడ్డుకి అడ్డంగా ట్యాంకు. పక్కన ఇసుక బస్తాలు. సైనికుడు ఒకడు ఎక్కాడు, కుర్రవాడే, కనురెప్పల మీద దుమ్ము. ఇతను కాగితం చదివాడు. సీటు సీటుకీ తడుతూ లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. కాగితం మీద నలభై ఎనిమిది అన్న అంకె దగ్గర వేలు పెట్టి, వెంకటరాజు మొహంలోకి చూశాడు.

వెంకటరాజు గోడౌన్‌లో నేర్చుకున్న అరబ్బీ అంతా పోగేసి, ఆ పిల్లకి జబ్బు చేసిందనీ, చనిపోయిందనీ, మౌత్, మౌత్ అనీ చేతులు తిప్పాడు.

"లా, కాదు!" అంది సుబ్బరత్నమ్మ. ఆ గొంతు ఎక్కడనుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. వంటింటి అరబ్బీలో, తప్పుల్తో, చావలేదు, ఇదే ఊళ్ళో ఉంది, మూడో వీధిలో ఉంది, నా బిడ్డ, నేను పోయి తెస్తాను అంది. సైనికుడు ఆమెను పైనుంచి కిందకి చూశాడు. బయట ఎవరో అతన్ని పిలుస్తున్నారు. పది వేళ్ళు చూపించి, తన గడియారం మీద తట్టి, దిగిపోయాడు.

"పది నిమిషాలేనండి!" వెంకటరాజు దాదాపు ఏడ్చాడు. "ఆ తర్వాత నేను ఆపలేనండి. నా పెళ్ళాం పిల్లలు కూడా ఇందులోనే ఉన్నారండి."

"రాకపోతే పో అన్నా. ఇద్దరం చచ్చినామని చెప్పు."

"మాట్లాడేది ఆపి ఉరుకుమ్మే!" అని అరిచింది ఆసియా బీ. "నీ రెండు సీట్లకీ అడ్డంగా నేను పండుకుంటా, ఎవురు లేపుతారో చూచ్చా!"

ఇసుక కాలుతోంది. మూడో వీధి, నీలం గేటు, మామాతో రెండుసార్లు వచ్చిన ఇల్లు. ఎంతసేపు పరిగెత్తింది, రెండు నిమిషాలా, నాలుగా? ఈ సూర్యుడూ ఏమీ చెప్పడం లేదు. గేటు తోస్తే తెరుచుకుంది. లోపల నేల మీద ఎండిన పావురం రెట్టలు, ఒక బకెట్టు, బకెట్టులో ఏమీ లేదు. బెల్లు నొక్కింది, కరెంటు లేదు కదా. తలుపు మీద రెండు చేతులతో కొట్టింది.

"పారోతీ! పాపా! నేనే!"

మళ్ళీ కొట్టింది. ఆపైన తలుపుకి అటువైపు, కింద, నేల దగ్గర్నుంచి ఎండిపోయిన గొంతు వచ్చింది. "చిన్నమ్మా? నువ్వెట్ల వొచ్చినావు? మీ మామా పంపిచ్చిందా?"

"ఎవురూ పంపీలా. నేనే వొచ్చినా. బస్సు ఉండాది, తలుపు తియ్ పాపా, రా."

"మా మామా ఇంగా రాలేదు చిన్నమ్మా."

"రాదు. ఆయమ్మ రాదు పాపా."

"కదలొద్దనింది. నువ్వూ చెప్పినావు గదా. ఏడు గంటలు కూచున్నావు గదా నువ్వు. నేను ఇంగా రొన్నాళ్ళు కూచుంటాలే. అన్నం మెతుకులు ఉండాయి."

సుబ్బరత్నమ్మ తలుపుకి నుదురు ఆనించింది. కొయ్య కాలుతోంది. నాలుగేళ్ళుగా గొంతు కింద పెట్టుకున్న మాట, ఎంత చిన్న మాట అది, బయటికి రావడానికి ఎంత నొప్పి. "నేను కూచోలా పాపా," అంది. "ఆ పొద్దు నేను కూచోలా. నీకు చెప్పింది అబద్ధం. మామా అట్ల పోతానే లేచినా. ఊరంతా తిరిగినా. పెద్ద వంతెన ఉంటే ఎక్కినా. ఆడ నిలబడి నవ్వినా. ఎవురికీ చెప్పలా. నీకు గూడా చెప్పలా."

అటువైపు ఊపిరి వినిపిస్తోంది.

"మరి సంచులు?" అంది పిల్ల.

"ఆడనే పారేసి పోయినా."

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. పొడుగ్గా మోగింది. సుబ్బరత్నమ్మ కళ్ళు మూసుకుంది.

"చిన్నమ్మా, మరి ఈ ఇంటికి తాళం ఎవురేచ్చారు?"

"తెరిచే పెట్టు," అంది సుబ్బరత్నమ్మ. "అన్నీ తెరిచే పెట్టు. రా."

హారన్ మళ్ళీ మోగింది. లోపల ఏదో జరిగిన చప్పుడు, ఎవరో చేతుల మీద పాకి గోడ పట్టుకుని లేస్తున్న చప్పుడు, ఆపైన ఇనుము ఇనుము మీద రాసుకున్న చప్పుడు. పై గొళ్ళెం ఊడింది. ఆ తలుపుకి మూడు గొళ్ళాలు.